అక్క నడుం మీద నల్లమచ్చ

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. నేను బెజవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు గుమాస్తాని. నా చదువు పదితో ఆగింది; మిగతాదంతా లైబ్రరీ బల్ల దగ్గర నేర్చుకున్నదే. ఊళ్లో మగ్గం నేసే మా అక్కను తొమ్మిది రోజుల జ్వరంతో బెజవాడ ఆసుపత్రిలో చేర్చాం. మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు. జ్వరం, తలనొప్పి మాత్రం దిగలేదు. ఒంటి మీద దద్దు లేచింది. ఆయాసం మొదలైంది.

మంచం పక్కన నిలవలేక లైబ్రరీకి పరుగెత్తాను. పాత వైద్యపుస్తకంలో జ్వరం, తలనొప్పి, దద్దు మూడూ కలిసిన జబ్బు దొరికింది: టైఫస్. పేల వల్ల వస్తుందని ఉంది. అంతవరకే చదివి, పేలదువ్వెన కొనుక్కొచ్చాను.

"నాకు పేలా? పుస్తకాల్లో తల దూర్చింది చాలక నా తల్లో కూడా దూరతావేంట్రా?"

అయినా పట్టుబట్టి దువ్వాను. ఒక్క పేను రాలలేదు.

మధ్యాహ్నం కొత్త డాక్టరమ్మ వచ్చారు. "గడ్డిలో ఏమన్నా తిరిగారా అమ్మా?"

"తోటలో పడుగుకి గంజి పెడతామండీ. నూలు ఆరేదాకా గడ్డిలోనే కూచుంటాం."

"ఒంటి మీద నల్లమచ్చ ఉందా?"

అక్క నావైపు చూసింది. నేను తెర అవతలికి జరిగాను.

"అదా? లంగా బొందు ఒరుసుకున్న పుండండీ. రోజంతా మగ్గం మీద కూచునేవాళ్ళం, మా అందరికీ మామూలే. పసుపు రాస్తన్నా."

"ఇన్నాళ్ళూ చూపించలేదేం?"

"మగ డాక్టరుకి నడుమెట్టా చూపిస్తానండీ?"

అది పుండు కాదట, కాటు. డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పారు. పైర్ల మీది ఎర్రనల్లి జాతిలోనే ఇంకో రకం ఉంటుంది. కంటికి సరిగా ఆనని దాని పిల్లలు గడ్డి కొసన కాచుకుని, ఎలుకనో మనిషినో పట్టుకుంటాయి. పైకి పాకి, బట్ట బిగిసిన చోట కుడతాయి. నొప్పి తెలియదు. స్క్రబ్ టైఫస్ సూక్ష్మజీవి ఆ కాటులోంచే ఒంట్లోకి దిగుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. పేలతో వచ్చే టైఫస్ వేరు, దీనికీ పేలకీ సంబంధం లేదు.

ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టారు. ఆలస్యమైందా అని అడగబోయి, జవాబుకు భయపడి వరండాలోకి వచ్చేశాను. అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

మూడో రోజు పొద్దున అక్క ఒళ్ళు చల్లబడింది. ఇడ్లీ అడిగింది. నాకు నమ్మకం కుదరక నిమిషానికోసారి నుదురు తాకుతున్నాను. నాలుగోసారి నా చెయ్యి తోసేసింది.

"తిననిస్తావా లేదా?"