సిరిసిల్ల లైన్ కట్టయినప్పుడల్లా

కూరలో ఉప్పెక్కువైతే ఉప్పమ్మినవాణ్ణి కూడా అనుమానించే రకం నేను. ఆ గుణం వల్లే మా సారు నాకు ఆ పని అప్పగించాడేమో.

ఆయనకు అప్పట్లో మూడు ఆఫీసులుండేవి: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. గల్ఫ్ దేశాలకు పనివాళ్లను పంపడం వ్యాపారం. పోదామని వచ్చినవాళ్ల పేరు, ఊరు, తెలిసిన పని, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు కంప్యూటర్లో ఎక్కించడం మా ఉద్యోగం. మూడు ఆఫీసుల నంబర్లూ ఒక్కచోటే ఉండేవి. సారు మొదట ఆఫీసు తెరిచింది సిరిసిల్లలో కాబట్టి మెయిన్ సిస్టమ్ అక్కడే ఉండిపోయింది. జగిత్యాలలో నేను, కోరుట్లలో ఒకాయన ఇంటర్నెట్ మీద దాన్ని అందుకుని పనిచేయాలి.

అందితే కదా! పొద్దున ఆఫీసు తెరిచిన కాసేపటికి, మళ్లీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, కనెక్షన్ పోయిందని తెరమీద ఎర్రర్ పడేది. సగం కొట్టిన పేరు గాలికి పోయేది. ఎదురుగా కూర్చున్న మనిషి మళ్లీ మొదటినుంచి చెప్పాలి. "మేడిపల్లి అని ఇప్పుడే చెప్తి గద మేడం" అని విసుక్కునేవాళ్లు. వైరు పీకి పెట్టాను. ఇంటర్నెట్ డబ్బా ఆపి వేశాను. పాస్‌వర్డ్ మార్చాను. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించారు. దేనికీ లొంగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, మా దగ్గర పేరిచ్చినవాళ్లకు వేరే ఆఫీసు నుంచి ఫోన్లు రావడం మొదలైంది. సారు నన్ను లోపలికి పిలిచాడు.

"మన నంబర్లు ఎవలో ఎత్తుకపోతున్నరు. కాపీ కొట్టేటప్పుడే లైన్ కట్ చేస్తున్నరు. ఎవలో దసర లోపట తేల్చు. తేల్చకపోతె నువ్వే అనుకుంట. ఇగ నువ్వు రావద్దు."

పెగడపల్లి పక్కన మా ఊళ్లో, తాటిచెట్టు మీంచి పడి నాన్న నడుం విరగ్గొట్టుకున్నాక, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. దొంగను పట్టుకుంటేనే నాకు ఉద్యోగం.

నా అనుమానమంతా సిరిసిల్ల ఆఫీసులో ఉండే అమ్మాయి మీదే. సిస్టమ్ ఆమె చేతికింద ఉంది. ఎర్రర్ పడగానే ఫోన్ చేస్తే వెనకాల ఒకటే టకటకా చప్పుడు. "ఇనొస్తలేదక్కా, మల్ల చేస్త" అని పెట్టేసేది. తప్పు చేయనిదానికి అంత తొందరెందుకు? కోరుట్ల ఆయన కూడా నా మాటకు వంత పాడాడు. అతను వెంటనే ఒప్పుకోవడం చూసి అతన్నీ అనుమానించాను.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా సిరిసిల్ల బయల్దేరాను. వేములవాడ దాకా బస్సు నిండా మొక్కులవాళ్లు. అక్కడ దిగి ఇంకో బస్సెక్కి, మధ్యాహ్నానికి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"చెప్పకుండ అచ్చినవేందక్కా?"

"ఎందుకు, చెప్పి రావాల్నా?" అన్నాను. ఆమె నీళ్లు నమిలింది. దొరికిందనుకున్నాను.

పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె టిఫిన్ డబ్బా విప్పి, సగం మూతలో వేసి నా ముందుకు జరిపింది. ఆమె పెట్టిన అన్నం తింటూ కూడా ఆమె చేతులనే చూస్తున్నాను.

తిని, ఆమె చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లింది. అప్పుడే వెనక గల్లీలో టకటకా మొదలైంది. ఒక ఇంట్లో, దాని పక్కింట్లో, ఆపైన గల్లీ అంతటా. ట్యూబులైటు కొట్టుకుంది. ఫ్యాను నీరసపడింది. ఇంటర్నెట్ డబ్బా మీద దీపాలన్నీ ఆరి, మళ్లీ వెలిగాయి. టేబుల్ మీద ఫోను మోగింది. కోరుట్ల నుంచి.

"మల్ల పోయింది" అన్నాడు.

ఆ అమ్మాయి తడిచేతులతో లోపలికొచ్చింది. "సాంచెలక్కా" అంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. "అన్నం తిని అందరు ఒక్కసారే షురు జేస్తరు. కరెంటు గుంజుతది. స్టెబిలైజర్ గావాలె సార్ అంటె, లైట్లు వెలుగుతలేవా అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె నువ్వు ఇంటివా? ఫోన్ ఎత్తుడుతోనే తిట్టుడాయె."

అయినా నమ్మలేదు. సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నాను. కరెంటు పోయి వచ్చింది. సాంచెలన్నీ ఒక్కసారి లేచాయి. డబ్బా మళ్లీ ఆరింది. అప్పుడు నమ్మాను.

సారుకు చెబితే నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఇద్దరు ఒక్కటైండ్రా?" అన్నాడు. ఆయన నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు.

నన్ను చివరికి కాపాడింది మేడిపల్లి మనిషి. నీ నంబరు వేరే ఆఫీసుకు ఎట్లా పోయిందని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. "నేనే ఇచ్చిన మేడం. అందరం అన్ని ఆఫీసులల్ల ఇస్తం. ఎవలు ముందుగాల పంపుతె వాళ్లతోని పోతం." అదే మాట అతనితో సారు ముందు చెప్పించాను. ఆ తర్వాత సారు దసరా ఊసెత్తలేదు. స్టెబిలైజర్ మాత్రం కొనలేదు. ఎర్రర్లతోనే నెట్టుకొచ్చాం.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఎర్రర్లు ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం రాలేదు, రెండోరోజూ రాలేదు. రాకపోతే అది కూడా నాకు అనుమానమే. సిరిసిల్లకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు వినిపించింది.

"సారు స్టెబిలైజర్ కొన్నడా ఏంది?"

"లేదక్కా. ఆర్డర్లు లెవ్వు. గల్లీల సాంచెలన్ని బందైనయి."

తర్వాత సిరిసిల్ల నుంచి వరసబెట్టి పేర్లు ఎక్కడం మొదలైంది. తెలిసిన పని అన్నచోట అందరికీ ఒకటే మాట: సాంచె. గల్ఫ్‌లో ఆ పని లేదు, కూలి అని మార్చమన్నాడు సారు. ఒక్కొక్కటి తెరిచి మారుస్తూ పోయాను. కనెక్షన్ ఒక్కసారి కూడా తెగలేదు.

అట్లా మారుస్తుండగా ఒక పేరు దగ్గర ఆగాను. ఇంటి ఫోన్ నంబరు మా సిరిసిల్ల ఆఫీసుదే. నా పాత బుద్ధి లేచి కూర్చుంది. వెంటనే ఫోన్ కలిపాను.

"దొంగపేర్లు ఎక్కిస్తున్నవా? గా నంబరు మన ఆఫీసుది గద?"

వెనక చప్పుడేమీ లేదు. ఆమె ఊపిరి కూడా వినిపించింది.

"మా ఆయనక్కా" అంది. "ఇంట్ల ఫోన్ లేదు. ఏదన్న కబురొస్తె ఈడికే రావాలె గద."

ఫోన్ పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఎర్రర్ పడితే బాగుండునని ఆ ఒక్కసారి మనసారా కోరుకున్నాను. సాంచె అన్నమాట చెరిపి కూలి అని కొట్టి, సేవ్ నొక్కాను. ఒక్కసారికే ఎక్కింది.