ఒళ్ళు వంచిన బీరువా

“ఈ ఒళ్ళు ఎంతకిస్తావ్?”

అడిగింది ఒక జిమ్ యజమాని. అడిగించుకున్నవాడు అప్పుడే ఒక పాత అద్దాన్ని రెండో అంతస్తుకు మోసుకొచ్చి, గోడకు ఆనించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోయడం అతని పని. అందరూ బీరువా అంటారు. బీరువాను వీపుకు కట్టుకుని ఒక్కడే మెట్లెక్కగలడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను చెప్పుకుంటాడు. గుమ్మంలో నిలబడితే గదిలోకి గాలి రాదు కాబట్టి వచ్చిందని బావమరిది అంటాడు. ఇద్దరూ జోడీగా మోస్తారు. ఈ వాదన ఏ మెట్ల మీదా తెగలేదు.

“అమ్మకానికి లేదు సార్. అద్దెకైతే ఆలోచిద్దాం,” అన్నాడు బీరువా.

యజమాని అడిగింది అద్దెకే. జిమ్‌లోకి కొత్తగా కరెంటు సూట్లు వచ్చాయి. నల్లటి బిగుతు తొడుగు, లోపల తడి పట్టీలు. వాటి గుండా కొద్దిపాటి కరెంటు పోయి కండను బిగిస్తుంది, వదులుతుంది. అది వేసుకుని బీరువా ఫొటో దిగాలి. సగం డబ్బు అప్పుడే, మిగతా సగం పోస్టర్ గోడకెక్కాక.

శ్రమ పవిత్రమైనదని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఇక్కడ నొచ్చుకోవచ్చు. వాళ్ళలో ఎవరూ ఇంతవరకు బీరువాతో కలిసి ఫ్రిజ్ పట్టుకున్న దాఖలా లేదు. ఆ రోజుల్లో అతనికి డబ్బు అవసరం. అతని భార్య బట్టలు కుడుతుంది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక కుట్టుమిషన్ తొక్కే కాలు తొడ దగ్గర పీలికలా అయిపోయింది. మడమ మంచం మీంచి లేచేది కాదు. ఫిజియో అమ్మాయి ఇంటికొచ్చి ఆ తొడకు ఇలాంటి పట్టీలే అంటించేది.

“కరెంటు కండను కదిలిస్తుందక్కా. దాంతోపాటు మీరూ బిగించాలి. మీరు టీవీ చూస్తూ కూర్చుంటే బాగుపడేది నేనే, ఫీజులతో.”

కొన్ని వారాలకు మడమ లేచింది. ఆ రోజే ఫిజియో మిషన్ సంచిలో పెట్టేసింది. “ఇంక దీంతో పని లేదు. కుర్చీలోంచి లేవండి, కూర్చోండి. రోజూ,” అంది.

“మరి నాకు పెడితే?” అడిగాడు బీరువా.

“నీకెందుకన్నా? ఆవిడ కండ నిద్రపోయింది, లేపాం. నీది మెలకువగానే ఉంది కదా. వ్యాయామం చేస్తూ వాడితే కొందరికి కాస్త తోడ్పడుతుందేమో. వ్యాయామానికి బదులు మాత్రం కాదు.”

“లేపినా లేవని మనిషి ఈ ఇంట్లో ఇంకొకరున్నారమ్మా, తెల్లవారుజామున వచ్చి ఆయనకి పెట్టు,” అంది భార్య.

కాబట్టి బీరువాకు ఆ యంత్రం మీద పగేమీ లేదు. సూటు వేసుకున్నాడు, ఫొటో దిగాడు. మొహం మరీ తీరుబడిగా ఉందని యజమాని కరెంటు పెంచే బిరడా బాగా తిప్పాడు. తొడలు రాళ్ళయ్యాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది. మర్నాడు బీరువా మెట్లు దిగలేక గోడ పట్టుకున్నాడు, ఆ రోజు కూలీ పోయింది.

“చూశావా, ఎలా పని చేస్తుందో,” అన్నాడు యజమాని ఫోన్లో.

“తలుపు సందులో వేలు పడినా నొప్పి పుడుతుంది సార్. వేలు బలిసిందంటారా?”

పోస్టర్ జిమ్ మెట్ల మలుపులో వెలిసింది. నిలువెత్తు బీరువా. కింద పెద్ద అక్షరాలు: ‘ఒళ్ళు వంచకుండానే ఉక్కులాంటి ఒళ్ళు!’

బావమరిది వారం రోజులు నవ్వాడు. “బావా, నిన్ను రాత్రి ఛార్జింగ్‌కి పెడుతోందా అక్క?” అని అడిగాడు. నవ్వు ఆగిపోయింది ఒక రిటైరైన బ్యాంకు మేనేజర్ గుమ్మంలో. ఆయన బీరువాను పైనుంచి కిందికి చూశాడు.

“ఆ పోస్టర్‌లోది నువ్వేగా? కరెంటుతో ఉబ్బించిన కండలు నా ఫ్రిజ్‌నేం మోస్తాయి? వేరేవాళ్ళని చూసుకుంటాం.”

తర్వాత మరో ఇంట్లోనూ అదే మాట. మోత పనిలో మనిషికి ఉండే పెట్టుబడి ఒక్కటే, వీడు మోస్తాడన్న నమ్మకం. చిన్నప్పట్నుంచి వీపు అరగదీసి సంపాదించుకున్న ఆ పేరును ఒక సూటు ఖాతాలో రాసేశారు. బీరువా జిమ్‌కి వెళ్ళి ఆ వాక్యం తీసేయమన్నాడు.

“ప్రకటనలంటే అంతేనయ్యా. ఎవరూ నిజమనుకోరు.”

“నిజమనుకున్నారు కాబట్టే నా పని పోతోంది.”

“అయితే మిగతా సగం వద్దా?”

బీరువా మెట్లు దిగిపోయాడు. మనవాడు తగ్గాడని యజమాని అనుకున్నాడు.

కొన్నాళ్ళకు జిమ్‌కి పెద్ద ట్రెడ్‌మిల్ ఒకటి వచ్చింది. లిఫ్టులో పట్టలేదు. ట్రాన్స్‌పోర్టు కంపెనీ పంపిన జోడీ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరూ తాళ్ళు బిగించి, వంగి, లేచి, మెట్టు మెట్టుకీ ఊపిరి తీసుకుంటూ మలుపు దాకా తెచ్చారు. అక్కడ, తన నిలువెత్తు బొమ్మ ముందు, బీరువా బరువు దించాడు. తాళ్ళు విప్పి చుట్టేశాడు. పైవాళ్ళు కిందికి రాలేరు, కిందివాళ్ళు పైకి పోలేరు.

యజమాని పరుగున వచ్చాడు. “ఏంటిది, మధ్యలో ఆపావు?”

“పోస్టర్ ప్రకారం నేను ఒళ్ళు వంచను సార్. వంచకుండా దీన్ని ఎలా ఎత్తాలో మీరే చెప్పండి.”

పైమెట్ల మీద సభ్యులు పోగయ్యారు. ఒక కుర్రాడు సూటు విప్పకుండానే దిగి వచ్చి, ట్రెడ్‌మిల్ ఒక కొస పట్టుకుని గుంజాడు. అది అటూ ఇటూ కాకుండా గోడకీ పిట్టగోడకీ మధ్య బిగుసుకుంది.

“సూటు ఆన్ చేసుకోండి సార్, మర్చిపోయినట్టున్నారు,” అన్నాడు బావమరిది ఎంతో మర్యాదగా.

“ఇది బెదిరింపు,” అన్నాడు యజమాని.

“కాదు సార్, విశ్రాంతి. మేం కరెంటు మీద నడవం కదా.”

“సరే, ఈ మోతకి ఎక్కువిస్తాను. కానియ్.”

“మోత కూలీ ఎంతో ముందే అనుకున్నాం. పైసా ఎక్కువొద్దు. ఆ మాట తీసెయ్యండి.”

“పోస్టర్ మొత్తం మార్చాలంటే ఎంతవుతుందో తెలుసా నీకు?”

“మొత్తం ఎందుకు? ఫొటో ఉంచుకోండి, బాగా వచ్చాను. మాట ఒక్కటే తీసెయ్యండి.”

పైనుంచి ఎవరో ఆఫీసుకు ఆలస్యమవుతోందని గొణిగారు. యజమాని పైకి చూశాడు, కిందికి చూశాడు. బావమరిది నడుముకు వేలాడే గోధుమరంగు టేపు తీసి ఆయన చేతికిచ్చాడు. అట్టపెట్టెలు మూసే టేపు. యజమాని తన చేతులతోనే ‘ఒళ్ళు వంచకుండానే’ మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా అంటించాడు. మిగిలింది ‘ఉక్కులాంటి ఒళ్ళు!’ దానికి బీరువా అభ్యంతరం చెప్పలేదు.

అప్పుడు వంగాడు. ట్రెడ్‌మిల్ పైకి చేరింది.

ఆ బ్యాంకు మేనేజర్ మళ్ళీ పిలవలేదు. పిలిచినా వెళ్ళనని బీరువా అంటాడు, వెళ్తాడని అతని భార్య అంటుంది. ఆవిడ ఇప్పుడు మిషన్ తొక్కుతోంది. టేపు ఇంకా ఊడలేదు. మోత కూలీ ఆ రోజే చేతికందింది. ఫొటో తాలూకు మిగతా సగం మాత్రం జిమ్ యజమాని ఇంతవరకు ఇవ్వలేదు.