రాతిగుడి కమాను కింద చెల్లె పెళ్లి

కమాన్‌పూర్ అవతల మా ఊరి చర్చిని అందరూ రాతిగుడి అనేవాళ్లు. మా తాత చిన్నతనంలో ఎవరో దొర కట్టించాడట. మూరన్నర మందం గోడలు, రాళ్ల నడుమ డంగుసున్నం, పైన టేకు దూలాలు, బెంగుళూరు పెంకు. బలిపీఠం ముందు కమాను, జోడించిన చేతుల్లాగా పైన మొనదేలి ఉండేది. ఆ మొనలోని రాయే మిగతా రాళ్లను పట్టి ఉంచుతుంది.

ఎనభైల చివర్లో ఊరి పక్కకు ఓపెన్‌కాస్టు బొగ్గుగని వచ్చింది. మధ్యాహ్నం హెచ్చరిక సైరన్, వెనకే బండలు పేల్చే బ్లాస్టింగు. కొన్నాళ్లకు ఆ మొనరాయి పక్కన సన్నటి పగులు కనబడింది. విలేకరిగా ఏదో వార్త కోసం తిరుగుతూ విన్న ఉపాయం గుర్తొచ్చి, నిచ్చెనెక్కి పగులుకు అడ్డంగా ఒక అద్దం ముక్క అతికించాను. రాయి కదిలితే అద్దం విరుగుతుంది. ఆ తర్వాత ఏ ప్రార్థనలోనూ నేను కళ్లు మూసుకోలేదు.

చెల్లె పెళ్లి అక్కడే కావాలన్నాడు సంఘపెద్ద అయిన మా నాయన.

"మీ అవ్వను ఆ కమాను కిందనే చేసుకున్న. పందిట్ల చేస్తే అది పెండ్లెట్లయితది?"

బ్లాస్టింగు ఉండదని ఆదివారం పెట్టుకున్నాం. తీరా మందమర్రి నుంచి దిగిన పెళ్లికొడుకు మేనమామ, తనూ గని కార్మికుడే, చల్లగా చెప్పాడు: "ఇయ్యాల గూడ మీ గనిల డ్యూటీ పెట్టిన్రు గద బావా."

నాయన మొహం మాడిపోయింది. అయినా పెళ్లి లోపలే మొదలుపెట్టించాడు. పాస్టరుగారి ప్రసంగం ఎంతకీ తెమలడం లేదు. మేనమామ నా చెవిలో, "అయ్యగారు ఆదాము కాడ షురూ చేసిండు. సైరన్ లోపల నోవహు దాకనన్న వస్తడా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పెళ్లికొడుకు ప్రమాణం అయింది. చెల్లె నోరు తెరవబోతుండగా సైరన్ మోగింది.

"ప్రమాణం నడుమ లేస్తరా? అరిష్టం," అంది పెళ్లికొడుకు వాళ్ల ముసలమ్మ.

అందరూ నాయన వైపు చూశారు. ఆయన కమాను వైపు చూశాడు, తర్వాత దాని కింద నిలబడ్డ చెల్లె వైపు.

"బయటికి నడువు బిడ్డా."

"నా ప్రమాణం నాయనా?"

"బయట చెప్దువు. ముందు నడువు."

వాకిట్లో నిలబడ్డాం. కాళ్ల కింద నేల అదిరింది, పెంకులు గలగలమన్నాయి. అంతా సద్దుమణిగాక చెల్లె అక్కడే ప్రమాణం పూర్తిచేసింది.

జనం భోజనాల పందిరి వైపు కదిలారు. నేనూ నాయనా గుమ్మంలోంచి లోపలికి చూశాం. కమాను నిలబడే ఉంది. అద్దం రెండు ముక్కలైంది, ఒక ముక్క చెల్లె నిలబడ్డ చోటే పడి ఉంది.



"పెండ్లి రిజిస్టర్ బయటికి తే," అన్నాడు నాయన. "సంతకాలు పందిట్ల పెడుదం."