గూటం పోయిన మైదానం

1999 ఏప్రిల్‌లో నేను బెంగళూరులోని భూగర్భ జలాల కార్యాలయంలో సీనియర్ జియాలజిస్టుగా ఉన్నాను. జిగణి నుంచి ఆనేకల్ వరకు ఉన్న గ్రామాలకు తాగునీటి బోర్లు ఎక్కడ వేయాలో చెప్పడం నా పని. మా ఉద్యోగంలో చోటు చూపించేది ఒకరు, తవ్వేది మరొకరు. రిగ్ లారీ వచ్చిన రోజున చోటు చూపించిన అధికారి అక్కడ నిలబడి, ఇదే ఆ చోటని సంతకం చేయాలి. ఆ సంతకం లేకుండా డ్రిల్లింగ్ మొదలుపెట్టకూడదు.

ఆనేకల్‌కు పడమరగా ఒక చిన్న పల్లె ఉండేది. ఎక్కువమంది పట్టు నేసేవాళ్లు, తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. అంతకు ముందు అక్కడ వేసిన రెండు బోర్లూ ఎండిపోయాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు మాత్రం కట్టి ఉంది, అందులోకి ఒక్కరోజూ నీళ్లు ఎక్కలేదు. మూడో బోరుకు అనుమతి తెచ్చింది పంచాయతీ సభ్యురాలు నారాయణమ్మ. యాభై దాటిన మనిషి. మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చినట్టు నడుముకు కొంగు బిగించి తిరిగేది. మా ఆఫీసు మెట్లు ఆమె ఎన్నిసార్లు ఎక్కిందో నాకు తెలుసు. ఇది కూడా ఎండిపోతే ఆ ఊరికి మళ్లీ అనుమతి రావడం కష్టమని ఆమెకూ తెలుసు.

ఫిబ్రవరిలో నేను, మా సీనియర్ టెక్నీషియన్ బషీర్ సాహెబు కలిసి ఆ ఊరి గోమాళంలో, అంటే పశువుల మేత బీడులో, సర్వే చేశాం. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగగొట్టి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తాం. గట్టి గ్రానైటు బాగా అడ్డుకుంటుంది. పగుళ్లలో నీళ్లున్న చోట అడ్డు తగ్గుతుంది. ఆ ప్రాంతంలో ఈ పగుళ్లు సన్నటి పట్టీల్లా ఉంటాయి. ముప్పై అడుగులు పక్కకు జరిగితే రాతిపొడి తప్ప ఏమీ రాదు. మూడు రోజులు కొలిచాక ఒక చోట మంచి రీడింగు వచ్చింది. అక్కడ చెక్క గూటం కొట్టి, దాని చుట్టూ గుప్పెడు సున్నం చల్లాం.

ఆ సంవత్సరమే మా కార్యాలయానికి చేతిలో పట్టే జీపీఎస్ పరికరం కొత్తగా వచ్చింది. ఇకపై చోట్లన్నీ అందులోనే నమోదు చేయాలని ఉత్తర్వు. నేను నమోదు చేశాను. పాత అలవాటు కొద్దీ గ్రామ పటం మీద కూడా పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నాను. దాని వెనుక దూరదృష్టేమీ లేదు. ఇరవై ఏళ్లుగా చేతికి అలవాటైన పని, అంతే.

ఏప్రిల్‌లో రిగ్ వచ్చింది. మేము జీపులో ఊరు చేరేసరికి ఉదయం తొమ్మిది. గోమాళాన్ని చూసి బషీర్ సాహెబు, "యా అల్లా!" అన్నాడు. బీడు లేదు. పొదలు, గట్లు, సరిహద్దు రాళ్లు, మా గూటం, ఏవీ లేవు. ఎనిమిది ఎకరాల ఎర్రమట్టి పళ్లెంలా పరుచుకుని ఉంది. పిల్లలకు ఆటస్థలం కావాలని పంచాయతీ వాళ్లు బుల్‌డోజరు పెట్టి చదును చేయించారు. డ్రైవరుకు గూటం సంగతి ఎవరూ చెప్పలేదు.

నారాయణమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "నేను ఆనేకల్ సంతకు పోయింటి మేడమ్. వచ్చేలోపల అంతా దున్నిపెట్టినారు. యాడుండాదో మీకు గ్యాపకం ఉండాది కదా?" అని అడిగింది.

జ్ఞాపకం మీద సంతకం చేయలేం. జీపీఎస్ పరికరం తీశాను. తెర వెలిగింది, ఉపగ్రహాల కోసం వెతుకుతున్నానని చూపించింది, ఆరిపోయింది. బ్యాటరీలు మార్చాం. ఈసారి వెలగనే లేదు. మూత తీసి చూస్తే పాత బ్యాటరీ కారి లోపలి తీగలు పచ్చబడి ఉన్నాయి. నిజానికి ఆ రోజుల్లో ఉపగ్రహాల సంకేతాన్ని మామూలు వాడకందారులకు కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు. వంద మీటర్ల దాకా తేడా రావచ్చు. అది పనిచేసి ఉంటే ఏదో ఒక చోటు చూపించేది, మేమూ బహుశా నమ్మేసేవాళ్లం.

రిగ్ ఫోర్‌మన్ మురుగేశన్ తమిళనాడు మనిషి. నలభై ఊళ్లలో బోర్లు వేసి వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికల్లా డ్రిల్లింగ్ మొదలు కాకపోతే లారీ తరువాతి ఊరికి వెళ్లిపోతుందనీ, మళ్లీ ఇటు రావడం వానాకాలం తరువాతేననీ మర్యాదగానే చెప్పాడు. అది అతని కంపెనీ నియమం, అతని తప్పు కాదు.

నా సంచిలో గ్రామ పటం, ప్రిస్మాటిక్ కంపాస్, స్కేలు ఉన్నాయి. ఈ కంపాస్‌లో ఒక గుర్తును గురి చూస్తే, అది ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల పక్కకు ఉందో కనిపిస్తుంది. దాన్ని బేరింగ్ అంటాం. పటం మీద ఉన్న గుర్తు ఒకటి ఎదురుగా కనిపిస్తే, దాని బేరింగ్ చదివి, పటంలో ఆ గుర్తు నుంచి వెనక్కి గీత గీస్తాం. మనం ఆ గీత మీద ఎక్కడో ఉన్నట్టు. మరో గుర్తు నుంచి ఇంకో గీత గీస్తే, రెండూ కలిసిన చోట మనం ఉన్నట్టు. సరిచూసుకోవడానికి మూడోది గీస్తాం. మన చోటు తెలిశాక, అక్కడి నుంచి పెన్సిల్ చుక్క ఏ దిక్కున ఎంత దూరమో కొలుచుకుని నడవడమే.

నాకు మూడు గుర్తులు దొరికాయి. పొలిమేర కొండ మీది గుండు, మారెమ్మ గుడి శిఖరం, నీళ్లెరగని ఆ ట్యాంకు. ట్యాంకు పాత పటంలో లేదు గానీ ఫిబ్రవరిలో నేనే వీధి మూల నుంచి కొలిచి దాన్ని గుర్తించి ఉంచాను. ఎండ మండిపోతోంది. రిగ్ లారీ నీడలో నిలబడి మూడు బేరింగులూ చదివాను. జీపు బానెట్ మీద పటం పరిచి గీతలు గీశాను.

మూడు గీతలూ కలవలేదు. మధ్యలో రూపాయి బిళ్ల పట్టేంత త్రిభుజం మిగిలింది. పటం మీద రూపాయి బిళ్ల అంటే నేల మీద దాదాపు ఆ మైదానమంతా. మళ్లీ చదివాను. అదే త్రిభుజం. మురుగేశన్ వంగి చూసి, "సెంటర్లో వేసేద్దాం మేడమ్. నేల అంతా ఒకటే కదా!" అన్నాడు. పదకొండున్నర దాటింది. ఆ మాట నాకు ఒక్క నిమిషం సబబుగానే తోచిందని ఒప్పుకోవాలి.

అప్పుడే నారాయణమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. లారీ దగ్గరికి రాకుండా దూరం నుంచే, "ఆ డీజిలు పొగలో ఏం నిలబడుకోని ఉండావమ్మా, ఇట్లా రా!" అని కేకేసింది. ఆమె నోట మేడమ్ పోయి అమ్మ వచ్చింది. కంపాస్ చేతిలోనే పట్టుకుని నలభై అడుగులు నడిచి వెళ్లి మజ్జిగ తాగాను. చెంబు ఇచ్చేసి, ఊరికే, గుండు వైపు మరోసారి గురి చూశాను. బేరింగ్ తొమ్మిది డిగ్రీలు మారింది. కిలోమీటరు దూరంలో ఉన్న గుండుకు నలభై అడుగుల నడకలో ఒకటి రెండు డిగ్రీలకు మించి మారకూడదు.

కారణం అర్థం కాగానే నాకు నవ్వాగలేదు. కంపాస్‌లోని ముల్లు అయస్కాంతం, దగ్గర ఇనుముంటే పక్కకు తిరుగుతుంది. నేను నిలబడింది టన్నుల కొద్దీ ఇనుము పక్కన. మొదటి సంవత్సరం ట్రైనీలకు చెప్పే పాఠాన్ని ఇరవై ఏళ్ల సర్వీసున్న నేను నీడ కోసం మరిచిపోయాను. విషయం చెబితే నారాయణమ్మ, "మా మజ్జిగకు ఇంత తెలివి ఉండాదని తెలిస్తే పొద్దున్నే తెచ్చి ఇచ్చిందును కదప్పా!" అని బషీర్ సాహెబుతో అంది.

లారీకీ జీపుకూ దూరంగా, మైదానం మధ్యకు పోయి, చేతి గడియారం కూడా తీసి ఆమెకిచ్చి, మళ్లీ చదివాను. ఈసారి త్రిభుజం ఆవగింజంత. అక్కడి నుంచి చుక్కకు స్కేలు పెట్టాను. ఈశాన్యంగా అరవై నాలుగు మీటర్లు. బషీర్ సాహెబు టేపు పట్టుకుని, నేను కంపాస్ పట్టుకుని నడిచాం. మా వెనక ఊరు ఊరంతా నడిచింది. టేపు ఆగిన చోట ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

పటం మీద పెన్సిల్ గీత మందమే నేల మీద రెండు మూడు మీటర్లు. కాబట్టి చుట్టూ పది అడుగుల మేర పైమట్టి గీకి చూడాలన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే పారలు వచ్చాయి. మగ్గాల దగ్గరి ఆడవాళ్లు చేటలు తెచ్చారు. మురుగేశన్ కూడా లుంగీ ఎగ్గట్టి ఒక పార అందుకున్నాడు. ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు, మధ్యలో అతని తమిళం. అరగంట గడిచింది. నారాయణమ్మ ఒక్కసారిగా కూర్చుని, అరచేత్తో మట్టి తుడిచి, "సున్నం! మేడమ్, సున్నం ఉండాది ఈడ!" అని అరిచింది. మసకగా తెల్లటి మరక, మధ్యలో వదులు మట్టి నిండిన గుంత. వేలు పెడితే లోపల విరిగిన గూటం మొన తగిలింది. టేపు ఆగిన చోటికి అది ఏడడుగుల దూరంలో ఉంది. అంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉంది.

ఒంటిగంటా నలభైకి సంతకం చేశాను. కొబ్బరికాయ కొట్టారు, రిగ్ మొదలైంది. నూరు అడుగులకు తెల్లటి రాతిపొడి. నూట యాభైకీ అదే. రెండు వందలు దాటాక పొడి రంగు మారి ముద్దగా పడసాగింది. మురుగేశన్ చెయ్యెత్తి నాకు చూపించాడు. మరో రెండు డ్రిల్లింగ్ కడ్డీలు దిగగానే గొట్టంలోంచి బురద, దాని వెంటే నీళ్లు ఇంటి ఎత్తున ఎగిరాయి. పిల్లలు ముందు పరిగెత్తారు, తరువాత పెద్దలు. నారాయణమ్మ తడిసిన చీరతో వచ్చి, నన్ను చెయ్యి పట్టి ఆ బురదవాన కిందికి లాగింది. "తడవమ్మా, ఇది నువ్వు చూపించిన నీళ్లే!" అంది. బషీర్ సాహెబు పటాన్ని చొక్కా లోపల దాచుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం జీపు సీటంతా ఎర్రమట్టి చేసుకుని బెంగళూరు చేరాం.

నివేదికలో లారీ పక్కన చదివిన మొదటి బేరింగులు ఎందుకు చెల్లలేదో కూడా రాశాను. మా పైఅధికారి ఆ వాక్యం అవసరం లేదన్నారు. నేను తీసేయలేదు. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నంత కాలం కొత్తవాళ్లకు దాన్నే పాఠంగా చెప్పాను. ఆగిపోయిన పరికరం వల్ల పెద్దగా ప్రమాదం లేదు, ఆగిపోయిందని మనకు వెంటనే తెలుస్తుంది. పనిచేస్తూ తప్పు చెప్పేదాన్ని కనిపెట్టడమే కష్టం. ఏ రెండు గీతలైనా ఎక్కడో ఒక చోట కలుస్తాయి, అది సరైన చోటులాగే కనిపిస్తుంది. మనం పొరబడ్డామని చెప్పగలిగేది మూడోది. అందుకే అది ఎంత తొందరలోనైనా గీయాలి.