మువ్వలు మోగుతూనే ఉన్నాయి

పెద్దమ్మ వాళ్లింటికి వచ్చిన మొదటి సాయంత్రమే ఆ కుంటను చూశాను. ఇంటి వెనక పశువుల కొట్టం, కొట్టం దాటితే పామాయిల్ తోట, తోట మొదట్లోనే కుంట. బోరు నీళ్లు నిలవ చేసుకోవడానికి తవ్వించారట. అడుగు నుంచి గట్టు దాకా నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. నీళ్లు తగిలినంత మేర పట్టాకు నాచు పట్టింది. చుట్టూ కంచె లేదు. అందులో కాలు జారితే పెద్దవాళ్లకే పట్టు దొరకదని చూడగానే తెలిసిపోయింది. నా కూతురికి ఇంకా రెండేళ్లు నిండలేదు. నీళ్లు కనిపిస్తే చాలు, బకెట్ అయినా సరే, చెప్పులతో సహా దిగిపోతుంది.

దీనికి కంచె వేయించకూడదా అని పెద్దనాన్నను అడిగాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ దసరా లోపు వేయిస్తానన్నారు. "అయినా మన పిల్లలు ఇటు రారమ్మాయ్" అన్నారు. నా కూతురిని చూసి అన్న మాట కాదది. ఆ ఇంట్లో చాలాకాలంగా అందరూ అనుకుంటున్న మాట.

మేముండేది ఖమ్మంలో, ఒక మేడ మీద రెండు గదుల్లో. ఎండాకాలం ఆ గదుల్లో మధ్యాహ్నాలు పాపకు నరకం. మా ఆయనకు సెలవు దొరకలేదు. పెద్దమ్మే ఫోన్ చేసి, ములకలపల్లి వైపు అడవి గాలికి పిల్ల కాస్త ఒళ్లు చేస్తుంది, పంపించు నాయనా అని ఆయనకు చెప్పింది. ఆయన మమ్మల్ని దింపి, అన్నం తిని, అదే సాయంత్రం బస్సెక్కేశారు.

ఖమ్మంలో రోజంతా పాపా నేనూ ఇద్దరమే. నేను చూడకపోతే చూసేవాళ్లు లేరు. ఒళ్లు విరిగిపోయే పని, కానీ అందులో అయోమయం లేదు. ఇక్కడ పెద్దమ్మ ఉంది, పెద్దనాన్న ఉన్నారు, అన్నయ్య, వదిన, వాళ్ల నాలుగేళ్ల అమ్మాయి ఉన్నారు. అందరూ పాపను ఎత్తుకుంటారు. ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి, అక్కణ్నుంచి పక్కింటి గడపలోకి వెళ్లిపోతుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పాలని ఎవరికీ తోచదు. నేనేమో చేతిలో పని వదిలేసి "పాప ఏది?" అంటూ గదులన్నీ తిరిగేదాన్ని. రెండో రోజుకే వదిన నా గొంతును అచ్చం పట్టేసింది. నేను గుమ్మంలోకి రాగానే నాకంటే ముందే "పాప ఏదీ?" అని సాగదీసేది.

వదినది ముదిగొండ. పెద్దమ్మ వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కుని ఇన్నేళ్లయినా ఇంట్లో అత్తాకోడళ్లిద్దరి మాటా కలవదు. ఒకరినొకరు వెక్కిరించుకుంటూనే ఉంటారు. ఇప్పుడు ఇద్దరికీ కలిసి నేను దొరికాను.

"మరదలా, నువ్వు పిల్లను కన్నవా, గుడ్డు పెట్టినవా? గిట్ల పొదుగుతనే ఉంటవా ఏంది?" అంది వదిన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజే పెద్దమ్మ బీరువాలోంచి వెండి మువ్వల పట్టీలు తీసింది. అవి వదిన కూతురివి. అంతకుముందు అన్నయ్య చిన్నప్పుడూ అవే పెట్టారట. వరుసగా మువ్వలు, వయసును బట్టి బిగించుకోవడానికి మూడు నాలుగు కొండీలు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చివరి కొండీకి బిగించింది. ఆ ఇంట్లో పిల్లల వెంట ఎవరూ తిరగలేదట. వంటింట్లో పని చేసుకుంటూనే చెవి అటు వేసి ఉంచేవాళ్లట.

"చప్పుడు వినిపిస్తే పిల్ల ఉన్నట్టు. దూరమైతే లేచి వెళ్లు. ఆగిపోతే పరిగెత్తు. అంతేనే" అంది పెద్దమ్మ.

వదిన కూతురు స్తంభాన్ని పట్టుకుని చూస్తోంది. అవి నావి అంది. నీవే, పాపకు కొన్ని రోజులు ఇచ్చావు అని పెద్దమ్మ నచ్చజెప్పింది. ఆ పిల్ల ముఖం చూస్తే తను ఇచ్చినట్టు లేదు.

నిజం చెప్పాలంటే ఆ మువ్వలు నాకు మందులా పనిచేశాయి. మరుసటి రోజుకే హాల్లో ఉందా, వరండాలో ఉందా, మెట్లు దిగుతోందా అన్నది కూర్చున్న చోటు నుంచే చెప్పగలిగాను. ఒక పూట అన్నం చల్లారకముందే తిన్నాను. పాప పుట్టాక అలా తినడం ఎప్పుడో గుర్తు లేదు.

ఆవకాయ పెట్టింది ఇవాళ. పొద్దున్నే అన్నయ్య పామాయిల్ గెలల లోడు వేసుకుని ఫ్యాక్టరీకి ట్రాక్టర్ తోలుకుపోయాడు. పెద్దమ్మ వరండాలో పాత చీర పరిచి, కొట్టిన మామిడికాయ ముక్కలు కుప్ప పోసింది. ఆవకాయ రోజున ఆవిడ నియమాలు గట్టివి. తడి చేతితో ముక్కల దగ్గరికి రాకూడదు. కారంలో చెయ్యి పెట్టినవాళ్లు, పని పూర్తయ్యేదాకా పిల్లల్ని ముట్టుకోకూడదు. పిల్లలు వరండాలోకి రాకూడదు. నాకు ముక్కలు తుడిచే పని ఇచ్చింది. జీడి తీసి, టెంకకు అంటుకున్న పొర గీకి, పొడిగుడ్డతో తుడవాలి. వదిన హాల్లో కూలర్ ముందు చాప వేసి పిల్లలిద్దరినీ ఆడిస్తోంది. మధ్యలో తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మువ్వలు మోగుతున్నాయి.

కాసేపటికి పెద్దమ్మ కారం, ఆవపిండి కలపడం మొదలుపెట్టి, సాయానికి వదినను పిలిచింది. వదిన వచ్చి, కొంగు బిగించి, బేసిన్ ముందు కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టేసింది. పిల్లల దగ్గర ఎవరున్నారని అడగబోయాను. నోటి దాకా వచ్చింది. అప్పుడే హాల్లో మువ్వలు గలగలమని ఈ గోడ నుంచి ఆ గోడకు పరిగెత్తాయి. పెద్దమ్మ నా వైపు చూసి, విన్నావుగా అన్నట్టు కళ్లెగరేసింది. నేను అడగలేదు. ఇంకో ముక్క తీసుకుని తుడిచాను.

ఆ తర్వాత చాలాసేపు అలాగే గడిచింది. వదిన తన పుట్టింట్లో ఆవకాయ ఎంత ఎర్రగా ఉంటుందో చెబుతోంది. దాంట్లో వెల్లుల్లి తప్ప ఏమీ ఉండదని పెద్దమ్మ వెక్కిరిస్తోంది. మువ్వలు మోగుతూనే ఉన్నాయి. ఆగినా నాలుగు క్షణాలే, మళ్లీ మొదలు. నాకు ప్రాణం హాయిగా ఉంది.

మువ్వలు తలుపు నెట్టుకుని వరండాలోకి వచ్చాయి. నేను తలెత్తకుండానే "ఇటు రాకు తల్లీ, కారం" అన్నాను. కాళ్లు నా ఎదురుగా ఆగాయి. అవి నా కూతురి కాళ్లు కావు. గోళ్లకు ఎర్రరంగు ఉంది.

"అత్తా, నా పట్టీలు" అంది మేనకోడలు, ఒక కాలు ముందుకు పెట్టి చూపిస్తూ.

పాప ఏది అన్నాను. ఈసారి ఎవరూ సాగదీయలేదు.

"పండుకున్నది" అంది వదిన. "పట్టీలు ఒరుసుకుని కాలు ఎర్రగైంది. తీసి నూనె రాసి పండవెట్టి వచ్చిన. ఇది ఏడుస్తుంటే దీని కాళ్లకు పెట్టిన."

హాల్లోకి పరిగెత్తాను. కూలర్ తిరుగుతోంది. చాప మీద దిండు ఉంది. వెనక తలుపు గడియ తీసి, బారెడు తెరుచుకుని ఉంది. బొమ్మ కోసం గడియ తీసి పెరట్లోకి వెళ్లానని మేనకోడలు వెనక నుంచి చెబుతోంది. ఎప్పుడు వెళ్లావని అడిగితే ఆ పిల్లకేం తెలుస్తుంది.

కొట్టం ముందు దుమ్ములో చిన్న అడుగులు కనిపించాయి. చెప్పుల్లేని అడుగులు. గాటి పక్కగా, పేడకుప్ప దాటి, సూటిగా గట్టు మీదికి ఎక్కాయి. గట్టు మీద మట్టి గట్టిపడిపోయి ఉంది. అక్కడి నుంచి అడుగులు లేవు. కుంటలో నీళ్లు కదలడం లేదు.

నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. కొట్టంలో మంచం మీద పడుకున్న పెద్దనాన్న లేచి వచ్చారు, కాబట్టి అరిచే ఉంటాను. ఆయన మోటారు గుంజకు కట్టిన తాడు ఒక చేత్తో పట్టుకుని, చొక్కాతోనే జారుతూ దిగిపోయారు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. కాళ్లతో అడుగు వెతుకుతూ నెమ్మదిగా కదులుతున్నారు. ముఖం మాత్రం నా వైపు తిప్పడం లేదు. ఆయన ఆగినప్పుడల్లా కాలికి ఏదో తగిలిందనుకున్నాను. మళ్లీ కదిలేవారు. పెద్దమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఎర్రటి చేతులు రెండూ ఒంటికి దూరంగా ఎత్తి పట్టుకుని ఉంది. నన్ను పట్టుకోవాలని ఉంది, పట్టుకోలేకపోతోంది. నాకు ఈత రాదు. అయినా చెప్పులు విడిచేశాను.

"ఉన్నది, ఈడ్నే ఉన్నది" అని తోటలోంచి వదిన గొంతు వినిపించింది.

కరెంటు వచ్చి తోటకు నీళ్లు పారుతున్నాయి. చెట్ల మొదళ్లలో పైపులకు బిగించిన జెట్లు నీళ్లు చిమ్ముతున్నాయి. గట్టు అవతల మూడో సాలులో, ఒక చెట్టు పాదులో, పాప మొల దాకా బురదలో కూర్చుని నీళ్ల మీద చేతులు కొడుతోందట. నేను చూసేసరికి వదిన ఎత్తుకుని పరిగెత్తుకొస్తోంది. నా కూతురు గట్టు మీదుగా, ఆ నల్ల పట్టా అంచు వెంబడి ఒంటరిగా నడిచి వెళ్లి, అటువైపు దిగింది. దానికి ఏది కనిపించి అటు తిరిగిందో, ఇటు ఎందుకు తిరగలేదో నాకు ఎప్పటికీ తెలియదు.

నేను చేతులు చాచేలోపే పాప కెవ్వున ఏడ్చింది. వదిన చేతులు మోచేతుల దాకా కారం, ఆవపిండి. పాప తడి ఒంటి మీద, జబ్బల మీద, మెడ మీద వదిన వేళ్లు ఎర్రగా అచ్చుపడుతున్నాయి. వదినకు అప్పుడు అర్థమైంది. పిల్లను నా చేతుల్లోకి తోసేసి వెనక్కి జరిగింది. నీళ్లు పొయ్యొద్దు, పెరుగు తెమ్మని పెద్దమ్మ అంటోంది. తెచ్చేందుకు శుభ్రంగా ఉన్న చేతులు నావే. పాప కళ్లు నలుపుకోకుండా దాని రెండు మణికట్లూ ఒక చేత్తో బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో పెరుగు గిన్నె దించి, ఒళ్లంతా పూశాను, తుడిచాను, మళ్లీ పూశాను. అది నన్ను తన్నింది, కరిచింది. ఎంత ఏడ్చినా ఆ ఏడుపు వింటూ ఉండాలనిపించింది. కారం కళ్లలోకి పోలేదు. కుడి జబ్బ మీద మాత్రం పొక్కులా లేచింది.

పాప అలసిపోయి నా భుజం మీద వాలాక వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులు కడుక్కుంది. పట్టీలు తీసినప్పుడు ఒక్క మాట చెప్పకూడదా అని అడిగాను. గొంతు పెంచలేదు. పెంచితే ఆగనని తెలుసు.

"చెప్తే నువ్వు కూసుంటవా? ఉరికొచ్చి పిల్ల పక్కన పండుకుంటవ్" అంది. మళ్లీ తనే, "మీ పెద్దమ్మతోని నవ్వుకుంట కూసున్నవని చెప్పలే. నాకు చప్పుడు సంగతే యాదికి లేదు" అంది.

ఆమె మీద కోపం పోలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా పోలేదు. కానీ కారం చేతులతో తోటలోకి అందరికంటే ముందు పరిగెత్తింది ఆమే. మేమంతా నీళ్ల దగ్గర నిలబడిపోయాం.

మా ఆయనకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి తీసుకెళ్తానన్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ, వదిన ఇద్దరూ వింటున్నారని తెలుసు. వెళ్లిపోతే ఈ ఇంటికి మళ్లీ ఎప్పుడు వస్తానో తెలియదు. ఖమ్మంలో మళ్లీ ఇద్దరమే, నేను ఒక్కదాన్నే చూడాలి. ఉంటే, రేపు కూడా ఆ కుంట అక్కడే ఉంటుంది.

ఆదివారం రండి, అప్పటిదాకా ఉంటాం అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లాను. వెనక తలుపుకు పైగడియ పెట్టించాలన్నాను. పాపను ఎవరు ఎత్తుకున్నా నాకు నోటితో చెప్పాలన్నాను.

"వందసార్లు అడుగుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి" అన్నాను.

పెద్దమ్మ తలూపింది. వదిన తలదించుకుని పచ్చిమిరపకాయలు తుంచుతోంది.

పెద్దనాన్న కుంటలోంచి వచ్చాక వడ్రంగిని పిలిపించి తలుపుకు పైన గడియ కొట్టించారు. పొద్దు గుంకే వేళకు పాప లేచి, ఏడవకుండా ఆయన దగ్గరికి నడిచివెళ్లి చేతులు చాచింది. ఆయన ఎత్తుకున్నారు. జబ్బ తగలకుండా జాగ్రత్తగా ఎడమవైపుకు మార్చుకుని, వీధిలోకి నడిచారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన గేటు దాకా వెళ్లి ఆగారు. మళ్లీ వెనక్కి తిరిగి, వాకిలి దాటి, మెట్లెక్కి, వంటింటి గుమ్మం ముందుకు వచ్చారు.

"అమ్మాయ్, పాప నా దగ్గరుంది" అన్నారు.

"సరే పెద్దనాన్నా" అన్నాను.

ఆయన మళ్లీ బయల్దేరారు. గేటు దాటాక ఎడమకు తిరిగితే బజారు, కుడికి తిరిగితే తోట దారి. ఆయన ఎడమకు తిరిగేదాకా కిటికీ ఊచ వదల్లేదు.