బాపు లేత్ మీద రూపాయి బిళ్ళ

పటాన్‌చెరులో మా బాపు నడిపిన వర్క్‌షాపు ఆయన పోయాక మూతపడింది. మిగిలింది ఆయనకంటే వయసులో పెద్దదైన, ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ ఒక్కటే. అది నా వాటాకు వచ్చింది. షెడ్డు ఖాళీ చేయాలని మా అన్న తుక్కు కొనే సేఠ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

సేఠ్ మిషన్‌ను కాలితో తట్టాడు. "గింత పాతది ఎవలకు గావాలె? కిలోల లెక్కన తీస్కుంట."

నేను ఔననకముందే అతని మనిషి సమ్మెట ఎత్తాడు. "గిది గిట్ల లేవదక్కా, పలగొట్టి తీస్కపోవాలె."

పరుగున వెళ్లి మిషన్ మీద కూర్చున్నాను. బొట్లు పెట్టి పూజించే మిషన్ మీద కూర్చోవడం తప్పే. సమ్మెట దెబ్బకంటే నయం కదా!

"ముందుగాల నన్ను పలగొట్టు!"

"ఇజ్జత్ తీస్తున్నవ్, దిగు!" అని అన్న కసిరాడు.

దిగాను, స్విచ్ వేయడానికి. ఏటా దసరా పూజయ్యాక బాపు చేసినట్టే, నడుస్తున్న మిషన్ మీద రూపాయి బిళ్ళను అంచుమీద నిలబెట్టాను. మిషన్ అదిరితే బిళ్ళ పడిపోతుంది. మిషన్ అదరలేదు. బిళ్ళ అలాగే నిలబడింది.

సేఠ్ గొంతు మారింది. "మిషన్ లెక్కనే కొంట చెల్లె. రేటు నువ్వే చెప్పు."

"నీకైతే అమ్మనే అమ్మ."

కొన్నాళ్లకు కాజీపల్లి నుంచి ఒక వర్క్‌షాపు యజమాని వచ్చాడు. ధర అడగలేదు. మిషన్ ఆన్ చేసి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు.

సేఠ్ ఎక్కువ ఇచ్చేవాడని అన్న ఇప్పటికీ సణుగుతాడు. సణగనివ్వండి. ఆ బిళ్ళ నిలబడకముందే మిషన్ ఆ కాజీపల్లి ఆయనదని నేను తేల్చేసుకున్నాను.