ఉంచమంటారా, తీసేయమంటారా

ఆమెను అందరూ టైపక్క అనేవారు. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మేడలో, మెట్ల కింద గది ఆమెది. గదిలో ఒక పక్క నిటారుగా నిలబడవచ్చు, రెండో పక్క వంగక తప్పదు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే కూర్చుని జనం అర్జీలు, సంజాయిషీలు, రాజీనామాలు, ఎవరికీ చెప్పుకోలేని విన్నపాలు టైపు చేసి పెట్టింది. ఏది విన్నా ఆమె ముఖంలో గీత కదిలేది కాదు. గోడలకైనా చెవులుంటాయి గానీ టైపక్కకు ఉండవని ఆ వీధిలో పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా.

సొంత ఈమెయిలు లేనివాళ్ళ ఉత్తరాలన్నీ ఆమె ఈమెయిలు నుంచే వెళ్ళేవి, జవాబులూ దానికే వచ్చేవి. పద్నాలుగేళ్ళ కిందట, తాళాలు బాగుచేసే మరిది దాన్ని తెరిచి ఇచ్చాడు. దమ్మిడీ ఖర్చు లేదు. ఎప్పటి ఉత్తరమైనా రెండు ముక్కలు కొట్టి వెతికితే కళ్ళముందుకు వచ్చేది. బీరువా బెడద, చెదపురుగుల బెడద తప్పాయని సంతోషపడిందే తప్ప, అంతకుమించి ఆలోచించలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆసుపత్రిలో ఆపరేషను థియేటరు నర్సు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ అంచున కూర్చుంది.

“వేరే ఊళ్ళో నరాల డాక్టరు ఒకాయన ఉన్నారు. ఆయనకి రాయాలి అక్కా. రెండు నెలలుగా నా చేతులు వణుకుతున్నాయి. నేనే ఫోనులో రాద్దామంటే, ఒక అక్షరం నొక్కబోతే మూడు పడుతున్నాయి.”

“మీ ఆసుపత్రిలోనే డాక్టర్లున్నారు కదమ్మా.”

“వెన్నునొప్పని చెప్పి సెలవులో ఉన్నాను. అసలు సంగతేమిటో నాకు తెలిశాక నేనే వాళ్ళకి చెబుతాను. వణికే చేతులతో థియేటరులోకి వెళ్ళేంత బుద్ధిలేనిదాన్ని కాదు. కానీ ముందు నాకు తెలియాలి. అంతదాకా మీకూ నాకూ మధ్యే ఉండాలి.”

టైపక్క తల ఊపి, ఉత్తరం కొట్టి, చదివి వినిపించి పంపేసింది.

మూడు రోజుల తరవాత వార్డు గుమాస్తా డ్యూటీల పట్టిక అచ్చు తీయించుకోవడానికి వచ్చాడు. ఆమె ఈమెయిలు తెరిచింది. ఉత్తరాల వరుస పక్కన రెండు ప్రకటనలు. ఒకటి చేతుల వణుకుకు మందు. ఇంకొకటి, చెయ్యి వణికినా ఒలకని చెంచా. గుమాస్తా ఆమె భుజం మీదుగా మెడ చాచి చదివాడు.

“ఏంటక్కా, నీకు చేతులు వణుకుతున్నాయా?”

“నాకెందుకు వణుకుతాయి?”

“మరి ఇవెందుకొస్తున్నాయి? మా ఆవిడకి నెల తప్పిందని మా తమ్ముడికి మెయిలు రాస్తే, తెల్లారేసరికి నాకు ఉయ్యాలలే ఉయ్యాలలు. మా అమ్మకి చెప్పకముందే వాటికి తెలిసిపోయింది.” నవ్వి, మళ్ళీ తెర వైపు చూశాడు. “చేతులంటే గుర్తొచ్చింది. మా థియేటరు నర్సు సెలవు పెట్టకముందు గాజుసీసా ఒకటి జారవిడిచింది. ఆవిడది వెన్నునొప్పి అన్నారులే.”

కాగితాలు తీసుకుని అతను వెళ్ళిపోయాడు. టైపక్కకు మాత్రం కుర్చీలో ముళ్ళు మొలిచినట్టయింది. లేచి గుమ్మం దాకా వెళ్ళింది. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఎవరి అర్జీలోనో తండ్రి పేరు ఉండాల్సిన చోట మామగారి పేరు కొట్టి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి చీవాట్లు తింది. సాయంత్రం కాకుండానే గది మూసి, వీధి మలుపులో ఉన్న మరిది కొట్టుకు నడిచింది.

“ఆ ఈమెయిలువాళ్ళు మన ఉత్తరాలు చదువుతారా?” అని అడిగింది, కూర్చోకుండానే.

మరిది ఒక తాళం కప్పను విప్పుతున్నాడు. “మనుషులు చదవరు వదినా. యంత్రం చదువుతుంది.”

“యంత్రం చదివితే చదివినట్టు కాదా?”

“ఊరికే వచ్చింది ఊరికే ఉంటుందా? ఒప్పుకుంటున్నానని నువ్వే కదా నొక్కావు.”

“నొక్కింది నువ్వు.”

“అదీ నిజమేలే.”

“ఏడాదికింత అని కట్టించుకునే ఈమెయిళ్ళు ఉన్నాయంటున్నారు. వాళ్ళు చదవరా?”

“చదవమని చెబుతారు.”

“మరి వీళ్ళేం చెప్పారు?”

“చదువుతామనే చెప్పారు వదినా. చదవనిది మనమే.” మరిది తాళం కప్పను బల్ల మీద పెట్టాడు. “తాళం దొరల కోసమే గానీ దొంగల కోసం కాదంటారు. ఆ మాట తెలిసే నేను తాళాలు అమ్ముతున్నాను. అయినా తలుపు బార్లా తెరిచి పడుకోలేం కదా.”

మర్నాడు పొద్దున్నే ఆమె ఆ ఈమెయిలు నియమాల పత్రం అచ్చు తీసింది. ముప్ఫై ఒక్క పేజీలు. పెన్సిలు పట్టుకుని, పరాయివాళ్ళ రాతప్రతి దిద్దినట్టు మొదటి నుంచీ చదివింది. పదిహేడో పేజీలో ఉంది ఆ మాట. ఉత్తరాలను యంత్రాలు పరిశీలిస్తాయి, దాన్నిబట్టి ప్రకటనలు చూపిస్తాయి. ఒక్క అచ్చుతప్పు లేదు, దాపరికం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మోసపోయి ఉంటే ఎవరినో ఒకరిని తిట్టుకునేది. ఇక్కడ తిట్టుకోవడానికి తను తప్ప మనిషి లేడు.

అన్నీ తీసేద్దామని కూర్చుంది. పాత ఏళ్ళతో మొదలుపెట్టి, నూరేసి ఉత్తరాలు ఒక్కసారిగా చెత్తబుట్ట బొమ్మలోకి తోస్తూ పోయింది. తోస్తున్నకొద్దీ మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు.

పదకొండు గంటలకు ఒక రిటైరయిన బస్సు డ్రైవరు వచ్చాడు. వినికిడి తక్కువ, అందుకని గట్టిగా మాట్లాడతాడు.

“నేనుంటున్న ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారమ్మా. నేనూ మా ఆవిడా బతికున్నంతకాలం ఉండొచ్చని ఎనిమిదేళ్ళ కిందట ఇంటివాళ్ళే నీ ఈమెయిలుకి రాశారు. ఆ కాగితం పైపు పగిలి తడిసి ముద్దయిపోయింది. నీ దగ్గరుంటుందిలే అని మా ఆవిడకి ధైర్యం చెప్పి వచ్చాను.”

ఎనిమిదేళ్ళ కిందటి ఉత్తరాలు ఆమె తీసేసి గంట కూడా కాలేదు. వెతికింది. ఏమీ రాలేదు.

“లేదా అమ్మా?” ఈసారి డ్రైవరు గొంతు తగ్గింది.

ఆమె చెత్తబుట్ట బొమ్మ మీద నొక్కింది. అక్కడున్నాయి అన్నీ. ముప్ఫై రోజుల దాకా ఉంటాయని పైన ఒక వాక్యం. డ్రైవరు ఉత్తరం బయటికి లాగి, రెండు ప్రతులు తీసి ఇచ్చింది. ఆయన వాటిని చొక్కా లోపల పెట్టుకుని, పైన చెయ్యి అదిమి పట్టుకుని వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక ఆమె ఆ బుట్ట మళ్ళీ తెరిచి చూసింది. పారేసినా పోలేదు. పోకపోవడం వల్ల ఒక ముసలి దంపతుల ఇల్లు నిలిచింది. పోకపోవడమే నర్సుకు ముప్పు. ఒకే గుణాన్ని పొద్దున తిట్టి, మధ్యాహ్నం దణ్ణం పెట్టాల్సి వచ్చింది. చెత్తబుట్టలోవి మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. మనసు మాత్రం యథాస్థానానికి రాలేదు.

సోమవారం నర్సు వచ్చింది. డాక్టరు జవాబు అప్పటికే వచ్చి ఉంది. టైపక్క దాన్ని అచ్చు తీసి, మడిచి చేతికిచ్చి, ఆ తరవాత ప్రకటనల సంగతి, గుమాస్తా అన్న మాట ఏదీ దాచకుండా చెప్పింది.

నర్సు కాగితం విప్పలేదు. “మీకు చెప్పినప్పుడు మీకే చెప్పాననుకున్నాను,” అంది నెమ్మదిగా.

“నేనూ అలాగే అనుకున్నానమ్మా.”

“తీసెయ్యండి.”

“తీసేస్తాను. బుట్టలోంచి కూడా తీసేస్తాను. వాళ్ళ దగ్గర ఇంకా ఎక్కడైనా ఉంటుందేమో, అది మాత్రం నాకు తెలియదు. తెలియనిది తెలుసని చెప్పను.”

ఆ మాటకు నర్సు తలెత్తి చూసింది. అప్పుడు ఉత్తరం విప్పి చదివింది. గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసినా చేతులు ఇలాగే వణుకుతాయని, ముందు రక్తపరీక్ష చేయించి ఫలితం రాయమని డాక్టరు రాశాడు.

ఆ రోజు నుంచి టైపక్క ప్రతి ఉత్తరం పంపాక ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. “ఉంచమంటారా, తీసేయమంటారా?” డ్రైవరు ఉంచమన్నాడు, పదేళ్ళయినా ఉంచమన్నాడు. చాలామంది ఏది తేలికైతే అది చెయ్యమన్నారు. గుమాస్తా, నా దగ్గర దాచడానికేముందక్కా అని వెళ్ళి, పది నిమిషాల్లో తిరిగొచ్చి గుమ్మంలోంచే, “పోయినేడు కొట్టించిన రాజీనామా ఒకటి ఉండాలి, అది మాత్రం తీసెయ్యి,” అన్నాడు.

రెండు వారాలకు నర్సు మళ్ళీ వచ్చింది. పరీక్షలో గ్రంథి దోషమే అని తేలింది. మందు మొదలుపెట్టింది. తన ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకు తనే వెళ్ళి చెప్పింది. ఆయన కోప్పడి, చేతులు కుదుటపడే దాకా మందుల గదిలో పని ఇచ్చాడు.

“నరాల డాక్టరుగారికి జవాబు రాయాలి. నేనే కొట్టుకుంటాను, నా పేరు మీద ఈమెయిలు తెరిచాను,” అంది. అదీ ఊరికే వచ్చేదే. ఆ మాట టైపక్క నాలిక చివరిదాకా వచ్చింది. నర్సే అందుకుంది. “తెలుసక్కా. ముప్ఫై ఒక్క పేజీలూ చదివే నొక్కాను.”

టైపక్క కుర్చీ ఇచ్చి బయటికి వెళ్ళి, ఆసుపత్రి వైపు తిరిగి నిలబడింది. లోపల ఒక్కో అక్షరం ఆగి ఆగి పడుతోంది. నాలుగు పడితే రెండు చెరుపుతోంది. ఆ చప్పుడును బట్టి ఆమెకు తప్పులు తెలిసిపోతున్నాయి. నిమిషంలో కొట్టి ఇవ్వగల ఉత్తరం. రెండడుగులు లోపలికి వేసింది, ఆగింది, మళ్ళీ వీధి వైపు తిరిగింది.